మూడు ఊళ్లలో ముప్ఫై రెండేసి ఆకులు

మాఘ బహుళ విదియ, శుక్రవారం, తెల్లవారి ఆరు గంటల పది నిమిషాలకు నంద్యాలలో మా ఇంటికి తాళం వేశాను. తాళం పడిందో లేదో రెండుసార్లు లాగి చూసుకుని మెట్లు దిగాను. డెబ్బై నాలుగేళ్ల మనిషివి, ఒంటరిగా ఎక్కడికని పక్కింటివాళ్లు అడిగారు. సగంలో ఆగిపోయిన పాట ఒకటుంది, మిగతాది తెచ్చుకోవడానికి తెనాలి, బాపట్ల, రేపల్లె వెళుతున్నానని చెప్పాను. వాళ్లు నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, కానీ కాళ్లు మాత్రం ఆగలేదు.

సంగతి మొదటినుంచీ చెప్పాలి. మా అమ్మమ్మ చదువు మూడో తరగతి. అయినా ఆమెకొక చేతిరాత పుస్తకం ఉండేది. తొంభై ఆరు ఆకులు. ఆకు అంటే రెండు పక్కలా రాసిన ఒక కాగితం. ప్రతి ఆకు మీదా మూలన తనే అంకె వేసుకుంది. మంగళహారతులు, పెళ్లిపాటలు, ఊరగాయల కొలతలు, పసిపిల్లల కడుపునొప్పికి మందులు, చుక్కల ముగ్గులు, వాటి మధ్య ఆ రోజు సంగతులు: "కాలవకు నీళ్లొదిలారు." "ఎర్రావు ఈనింది, పెయ్యదూడ." "మనసు బాగాలేదు, ఎందుకో తెలియదు." ఆ కాలం ఆడవాళ్లు చాలామంది ఇలాంటివి రాసుకున్నారు. దినచర్యా, వంటా, వైద్యమూ, పాటా అన్నీ ఒకే పుస్తకంలో ఉండేవి.

ఆమె పోయాక ముగ్గురు కూతుళ్లూ ఆ పుస్తకాన్ని పంచుకున్నారు. ఎలా పంచుకున్నారో వింటే ఎవరైనా తల పట్టుకుంటారు. మా పుట్టింటి వైపు పొలం పంచేటప్పుడు ఒకరికి ఈ చేను, ఇంకొకరికి ఆ చేను అని ఇవ్వరు. కాలవకు దగ్గరగా ఉన్న దాంట్లోనూ, దూరంగా ఉన్న దాంట్లోనూ, మెరకలోనూ, పల్లంలోనూ అందరికీ తలా ఒక చెక్క ఇస్తారు. ఎవరికీ అన్యాయం జరగకూడదని. ఈ అక్కచెల్లెళ్లు పుస్తకానికీ అదే పద్ధతి పట్టారు. కుట్టు విప్పి, మొదటి ఆకు పెద్దమ్మకు, రెండోది మా అమ్మకు, మూడోది పిన్నికి, నాలుగోది మళ్లీ పెద్దమ్మకు, అలా చివరిదాకా పంచుకున్నారు. తలా ముప్ఫై రెండు ఆకులు. లెక్క సరిగ్గా వచ్చింది. కానీ ఒక్క పాటా ఒక్క ఇంట్లో పూర్తిగా మిగల్లేదు.

మా అమ్మ పడవ పాట పాడేది. అమ్మమ్మ తన కాపురానికి పడవలో వెళ్లినప్పటి సంగతి తానే కట్టుకున్న పాట అది, తొమ్మిది ఆకుల పొడుగు. అమ్మ కొన్ని చరణాలు పాడి, తరవాత చాలాసేపు "ఊఁ ఊఁ" అని రాగం తీసి, మళ్లీ మాటలందుకునేది. ఆ ఊఁ పడవ నీళ్ల మీద సాగే చప్పుడనుకునేదాన్ని. ఆకులు లేక అలా పాడుతోందని చాలా ఏళ్లకు గాని తెలియలేదు.

పోయిన దీపావళికి బాపట్ల నుంచి పెద్దమ్మ కూతురు భారతక్క ఫోన్ చేసి, మాటల్లో ఆ పాట అందుకుంది. అమ్మ ఊఁ అనే చోట భారతక్క మాటలు పాడింది! అమ్మకు మాటలున్న చోట తను ఊఁ అంది. మూడో వాటా రేపల్లెలో తొంభై మూడేళ్ల రత్తమ్మ పిన్ని దగ్గరుంది. ఇంక ఆలస్యం చేయకూడదనుకున్నాను.

తెనాలి: ముప్ఫై తీసుకెళ్తే ముప్ఫై తేవాలి

అమ్మ ఆకులు తెనాలిలో మా మరదలు రమణమ్మ దగ్గరున్నాయి. మా తమ్ముడు పోయాక ఇల్లూ, ఆకులూ ఆమే కనిపెట్టుకుని ఉంది. స్టేషను నుంచి ఆటోవాడు ఎనభై అడిగాడు. అరవై అన్నాను.

"మామ్మగారూ, పెట్రోలు మీరు పోయిస్తారా ఏంటి?" అన్నాడు.

"నువ్వు ఎక్కించుకోకపోతే నడిచిపోతాను. దారిలో పడితే నీదే పాపం," అన్నాను.

అరవైకే వచ్చాడు. దారి పొడుగునా వాళ్లమ్మ మోకాళ్ల సంగతి చెప్పి, దిగేటప్పుడు పెట్టె తనే లోపలికి తెచ్చి పెట్టాడు. డెబ్బై ఇచ్చాను.

మా నంద్యాలలో ఇంటికెవరైనా వస్తే ముందు మంచినీళ్లిచ్చి, కూర్చున్నాక కబుర్లు మొదలెడతారు. తెనాలిలో గుమ్మంలోనే మొదలవుతాయి. రమణమ్మ నా పెట్టె అందుకుంటూనే ముగ్గురి అనారోగ్యాలు, ఒక గృహప్రవేశం చెప్పేసింది. తరవాత మినపగారెలు పెట్టింది, మీద తేనెరంగు అల్లం పచ్చడి. నంద్యాలలో మాకు జొన్నరొట్టె అలవాటైపోయింది గాని, గారె చిల్లు అంచు కరకరలాడేలా వేయడం ఈ నీళ్లకే వచ్చు.

ఆకులు బిస్కెట్ల డబ్బాలో వేపాకు మధ్య ఉన్నాయి. ఇద్దరం లెక్కపెట్టాం. ముప్ఫై వచ్చాయి. మళ్లీ లెక్కపెట్టాం. ముప్ఫయ్యే.

"ఒకటి అద్దెకున్న పంతులమ్మ హారతి పాట రాసుకుంటానని తీసుకెళ్లి, ఇల్లు ఖాళీ చేసిందండి. రెండోది ఎటు పోయిందో నాకూ తెలీదు వదినగారూ," అంది రమణమ్మ బిక్కమొహం వేసి.

పడవ పాటవి మూడూ ఉన్నాయా అని వెతికాను. నలభై ఒకటి, నలభై నాలుగు, నలభై ఏడు. ఉన్నాయి! ఆ పాట మొత్తం అమ్మమ్మ తడి తగిలితే ఊదారంగుకు తిరిగే పెన్సిలుతో రాసింది, తాతయ్య శిస్తు కాగితాల కోసం కొనుక్కున్నది. అక్షరాలు బూడిదరంగు గీతల్లా కనిపిస్తున్నాయి.

మొదటి లాకు కాడ మొగలిపొద చూస్తి
అమ్మ కొప్పు వాసన అటు వీచెనమ్మ

లాకంటే పడవల్ని ఎత్తుకూ పల్లానికీ దాటించే కాలవ తలుపులు. రమణమ్మ ఆకులు పాత చీర ముక్కలో చుట్టి ఇచ్చింది. "ముప్ఫై తీసుకెళ్తున్నారు. ముప్ఫై తేవాలి. లెక్కల్లో మిమ్మల్ని మించినవాళ్లు లేరని మీ తమ్ముడు అనేవారుగా, చూద్దాం," అంది. ఆ మాట నాకు బాగా నచ్చింది. ట్రెజరీ ఆఫీసులో ముప్ఫై ఒక్క సంవత్సరం పనిచేశాను. అక్కడ కూడా ఇంత సూటిగా ఎవరూ అప్పజెప్పలేదు.

చుండూరు దాటాక

శనివారం పొద్దున బాపట్ల రైల్లో నా ఎదుట పేరాల ఊరావిడ కూర్చుంది. పక్కన చీరల మూట ఉంది, నేసేది వాళ్లింట్లోనే. చుండూరు దాటేసరికి మా ఇద్దరికీ స్నేహం కుదిరింది. రెండు పక్కలా కోసేసిన వరి మళ్లలో మినుము పచ్చగా పరుచుకుని ఉంది. నేను పెట్టె ఒళ్లో పెట్టుకుని కిందికి దించలేదు.

"అందులో పసిబిడ్డ ఉన్నట్టు పట్టుకున్నారేంటమ్మా?"

చెప్పాను. శ్రద్ధగా విని, పెద్దగా నవ్వింది. "పాటలు కాగితం మీద పెట్టారు కాబట్టి పంచుకోవాల్సొచ్చింది. మా అమ్మావాళ్లు మగ్గం దగ్గర పాడేవారు. మా ముగ్గురు అక్కచెల్లెళ్లకీ మొత్తం వచ్చు. పంపకాలు లేవు, తగువుల్లేవు."

"మీ మనవరాలికి వచ్చా?"

ఆవిడ నవ్వు కాస్త తగ్గింది. "దానికి ఫోనొచ్చు," అంది.

నిడుబ్రోలు వచ్చేలోపు గచ్చకాయరంగు చీర ఒకటి విప్పి నా మోకాళ్ల మీద పరిచింది. పదహారు వందలంది. పద్నాలుగు వందలకు తేల్చుకున్నాను. బేరం తెగాక, "మీరు అడగడం ఆపకపోతే పదమూడుకే ఇచ్చేదాన్నమ్మా," అని చెప్పి మరీ ఉడికించింది. ఆ ఉడుకులోనే బాపట్లలో దిగి, గొడుగు రైల్లో వదిలేశాను. ఈ యాత్రలో మొదటి నష్టం అదే.

బాపట్ల: మెంతిపిండి తగువు

భారతక్కకు ఎనభై ఒకటి. నాకంటే ఏడేళ్లు పెద్ద, గొంతు మాత్రం నాకంటే ఇరవై ఏళ్లు చిన్నది. నన్ను చూడగానే, "ఏమే అనసూయా, ఎంత చిక్కావే! అక్కడ అన్నం పెట్టరా ఏంటి?" అంది. రొయ్యల వేపుడు, గోంగూర, గడ్డపెరుగు పెట్టింది. బజార్లో రొయ్యల ధర అడిగాను. చెబితే నోరు తెరిచాను. మాకక్కడ వేటమాంసం ఆ ధర.

తన ఆకులు దిండుగలీబులో దాచింది. ఇరవై ఏడు ఉన్నాయి. అయిదు ఉప్పెన నీళ్లలో పోయాయి. "మేం అటక మీదెక్కి కూర్చున్నాం. అమ్మ ఈ మూట నెత్తిన పెట్టుకుంది. కింద అంచున ఉన్నవి నానిపోయాయి," అంది. నలభై, నలభై మూడు, నలభై ఆరు మాత్రం శుభ్రంగా ఉన్నాయి.

రెండిళ్ల ఆకులూ అంకెల వరసలో నేల మీద పరిచాం. ముందు దొరికింది పాట కాదు, మాగాయ. మా అమ్మ ఆకు చివర "మెంతిపిండి" అని ఆగిపోతుంది. ఆ తరవాతి కొలత మా ఇంట్లో ఊహించుకున్నదే, అరసోలెడు. అరసోలంటే రెండు గిద్దెలు. దాని తరవాత వచ్చేది పిన్ని వాటా ఆకు, మా దగ్గర లేదు. కానీ దాని తరవాతి బాపట్ల ఆకు మొదట్లో అమ్మమ్మ మళ్లీ హెచ్చరించింది: "మెంతి గిద్దె దాటితే చేదు."

భారతక్క తొడ మీద చరుచుకుంది. "చెప్పానా! పెళ్లిళ్లలో మీవాళ్లు మాగాయ జాడీ తెస్తే మేం మొహాలు చూసుకునేవాళ్లం. మీ నాన్నేమో ఇదే అసలు అమ్మమ్మ మాగాయ అని వాదించేవాడు!"

"మీ మాగాయలో ముక్కలు సరిగ్గా ఎండేవి కాదు. ఎండబెట్టడం ఎన్నాళ్లో మా ఆకులో ఉంది," అన్నాను.

"ఎన్నాళ్లు?"

"మూడు."

"మేం ఒక్కరోజే," అని ఒప్పుకుంది. యాభై ఏళ్లుగా రెండిళ్లూ తమదే అసలుదని వాదించుకున్నాయి. ఎవరిదీ కాదు. ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం.

తరవాత పాట. తను నలభయ్యో ఆకు అందుకుంది:

తెల్లవారక ముందె పడవెక్కితినమ్మ
తెరచాప నీడలో తల వంచితినమ్మ

నేను నలభై ఒకటి. అక్కడ ఇద్దరం ఊఁ అన్నాం. తను మళ్లీ అందుకుంది, నేను అందుకున్నాను, మళ్లీ ఊఁ. వంటింటి కిటికీలోంచి పక్కింటివాళ్లు తొంగిచూశారు. ఒకామె, "ఏంటండీ, మామ్మలిద్దరూ ఆగి ఆగి పాడుతున్నారు, ఊపిరాడట్లేదా?" అంది. తొమ్మిదాకుల పాటలో ఆరు ఆకులు చేతికొచ్చాయి. ఇంక మూడు ఊఁలే మిగిలాయి. "నేనూ వస్తానే. మోకాలు నొప్పి పుడితే పుట్టనీ," అని భారతక్క చీర మార్చుకుంది.

రేపల్లె: గోడ మీది అట్టలు

ఆదివారం తెనాలి వెనక్కి వచ్చి రేపల్లె బండెక్కాం. వేమూరు, భట్టిప్రోలు దాటి ఆ లైను రేపల్లెలో ఆగిపోతుంది. అమ్మమ్మ పడవ ఈ వైపే వచ్చింది. కాలవ ఎక్కడ కనిపించినా భారతక్క నా భుజం పొడిచి, "అదిగో, ఈ లాకేనేమో," అంది. ప్రతి వంతెననూ లాకే అంది. జామకాయలు ఇరవైకి నాలుగు కొన్నాం. ఒకటి పుచ్చిపోయింది.

రత్తమ్మ పిన్ని గుమ్మంలో కుర్చీ వేయించుకుని కూర్చుంది. చూపు మందగించింది గాని మాట మందగించలేదు. "ఇద్దరూ వచ్చారంటే ఆస్తి తగవే," అంది.

"అవును పిన్నీ, పంచుకున్నది తిరిగి ఇచ్చెయ్యి," అన్నాను.

కోడలు విజయ మమ్మల్ని లోపలి గదికి తీసుకెళ్లింది. గోడ మీద నాలుగు అట్టలు, ఒక్కోదాని మీద ఎనిమిది ఆకులు. మా బాబాయి బియ్యం మిల్లులో గుమాస్తా. లారీ చీటీలు పోకుండా అట్టకు మైదా జిగురుతో అంటించడం ఆయన ఉద్యోగం. అత్తగారి అక్షరాలు కూడా పోకూడదని, భక్తిగా అదే పని చేశాడు. ముప్ఫై రెండుకు ముప్ఫై రెండూ ఉన్నాయి. ఒక్కటీ పోలేదు. కానీ ప్రతి ఆకు వెనక పక్కా అట్టకు అంటుకుపోయింది! పెళ్లయిన కొత్తలోనే అంటించాడు, డెబ్బై ఏళ్లకు పైగా పిన్ని ముందు పక్కలే చదివి, అవే నేర్చుకుంది.

భారతక్క మంచం మీద చతికిలబడింది.

విజయే ముందు తేరుకుంది. "స్టాంపులు ఊడబెరకాలంటే ఆవిరి పట్టేవాళ్లం చిన్నప్పుడు. ఇడ్లీ పాత్ర పెట్టనా వదినగారూ?"

అట్టల్ని బ్లేడుతో ఆకు ఆకుగా కోశాం. మొదట ముగ్గుల ఆకు. విజయ పట్కారుతో ఆవిరి మీద పట్టుకుంది, నేను వెన్న రాసే చాకు అంచుతో మెల్లగా లేపాను. వచ్చేసింది! వెనక వామునీళ్ల మందు. మిగతా వాటి వెనక పాడిన హారతులు, పురుడు పోసుకున్న తిథులు, ఒకచోట "ఈ పూట ఎవరితోనూ మాట్లాడలేదు, హాయిగా ఉంది" అని. భారతక్క పైకి చదువుతోంది, పిన్ని కుర్చీలోంచి "అది నేను పుట్టినప్పటిది, అది పెద్దక్క పుట్టినప్పటిది" అని చెబుతోంది. మధ్యలో రెండు ఆకుల వెనక పక్కలు అట్టకే అతుక్కుని చిరిగిపోయాయి. మిగతావి బాగా వచ్చాయి. పాట ఆకులు మూడూ ఆఖరికి ఉంచాం.

నలభై రెండు ఆవిరి మీదికి వెళ్లింది. చూస్తుండగానే బూడిదరంగు గీతలు ఊదారంగుకు తిరిగాయి, మందారమొగ్గ విచ్చినట్టు. నిన్న రాసినట్టుంది ఒక్కో అక్షరం. చాకుతో లేపితే వెనక పక్కా చక్కగా వచ్చింది. అందరం ఒక్కసారే అరిచాం.

లాకు తలుపు మూస్తే నీరు పైకి లేచె
లోని దిగులు కూడ నీటితో లేచె

డెబ్బై ఏళ్లుగా ఊఁ అని విన్న చోట మాటలు! భారతక్క పాడింది. నేను అందుకున్నాను. పిన్ని కూడా వణుకు గొంతుతో కలిసింది. విజయ నోరు కూడా ఊరుకోలేదు. చేతిలో నలభై అయిదో ఆకు పట్కారుతో పట్టుకునే మాతోపాటు పాడింది. చరణం అయ్యాక బాగుందని మళ్లీ పాడాం.

"అయ్యో!" అంది విజయ.

ఆకు మెత్తబడి వంగిపోయింది. కాగితం మొత్తం ఊదారంగు, ఆకాశంలో మబ్బు పట్టినట్టు. అక్షరం లేదు. చాకుతో ఒక మూల లేపితే "నా" ఒక్కటి కనిపించింది. చూస్తుండగానే అదీ కరిగింది. దొరికిన చరణం పాడుతూ కూర్చుని, దొరకాల్సిన చరణం పోగొట్టుకున్నాం.

విజయ కళ్లలో నీళ్లు తిరిగాయి. పొయ్యి తగ్గించాను. నలభై ఎనిమిదో ఆకును, నోళ్లు మూసుకుని, రెండు వేళ్లంత సన్నని ఆవిరికి చూపించి వెంటనే తీశాం. వచ్చింది. పాటకు ఆఖరి చరణం ఇది:

దిగమన్నారమ్మ, దిగితిని గాని
పడవలో ఒకతె కూర్చునే ఉందమ్మ

విజయ పొయ్యి ఆపేసింది.

పిన్ని చెప్పింది

పోయిన ఆకు ముందు పక్క పిన్నికి కంఠతా వచ్చు. ఆమె చెబుతుంటే రాసుకున్నాను. వెనక పక్క గుర్తు తెచ్చుకోమని బతిమాలాను. "పంచుకునేలోపు ఒక్కసారన్నా చదివి ఉంటావు పిన్నీ."

"పన్నెండేళ్ల పిల్లనే. కత్తెర నా చేతిలో ఉంది. అవతల చావిట్లో మగవాళ్లు అన్నయ్యలకి పొలం పంచుతున్నారు. మాకందులో లేదుగా. పెద్దక్క, మనకీ వాటాలున్నాయి, వాళ్లకంటే న్యాయంగా పంచుకుందాం, అంది. ఎంత పొంగిపోయామో తెలుసా ఆ రోజు! ముగ్గురికీ ముప్ఫై రెండు, ఒక్క ఆకు తేడా లేదు." ఆమె మొహం ఇప్పటికీ వెలిగింది. "పాట తెగుతుందని ఒక్కరికీ తట్టలేదే."

"అమ్మమ్మ పాడేటప్పుడన్నా విన్నావుగా?"

"మీ అమ్మమ్మ మాటలతో పాడడం ఎవరు విన్నారు? అత్తగారి ఇంట్లో అవి పైకి అనే మాటలా? రాసుకుని మడిచి పెట్టుకునేది. కవ్వం తిప్పేటప్పుడు, ఊఁ ఊఁ అని మొదట్నుంచీ చివరిదాకా అదే తీసేది. మాకు వరస వచ్చిందే అలా."

భారతక్కా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

సోమవారం పొద్దున ఆకులన్నీ వరసలో పేర్చి, విజయ గోనెసూదితో కుట్టింది. మొత్తం ఫోన్లో ఫోటోలు తీసి మూడిళ్లకూ పంపింది. పుస్తకం నాలుగేసి నెలలు ఒక్కో ఊళ్లో ఉండాలని తీర్మానించాం. "మళ్లీ విప్పకండి," అని పిన్ని కుట్టు మీద వేలు వేసి తడిమింది. రమణమ్మకు ముప్ఫై బదులు ఎనభై తొమ్మిది చూపించాను. రెండుసార్లు లెక్కపెట్టుకుంది.

పోయినవి

గొడుగు ఒకటి, బాపట్ల రైల్లో. జామకాయ ఒకటి. తెనాలి ఆకులు రెండు. బాపట్ల ఆకులు అయిదు. రేపల్లె ఆకుల్లో రెండింటి వెనక పక్కలు. నలభై అయిదో ఆకు రెండు పక్కలూ. అందులో ముందు పక్క పిన్ని నోట దొరికింది. వెనక పక్క దొరకలేదు. పడవ పాటలో ఎనిమిది పంక్తులు. అక్కడికి రాగానే ఊఁ అంటున్నాం.